బందరు రేవు, నాగసాకి రేవు: చూడదగిన చారిత్రక స్థలములు

మన సోమలకు సముద్రము దూరము. చుట్టును కొండలు, వాని నడుమ చెఱువులు, చింతలు, మామిడితోటలు గల సీమ మనది. చెన్నపట్టణములో పనిపడినప్పుడు తప్ప సముద్రమును చూడనివారు మనలో అనేకులు కలరు. అట్టి ఊరి గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న వేళ, దాని సంచికలో రేవుపట్టణములను గూర్చి వ్రాయుట కొందఱకు వింతగా తోచవచ్చును. నేనీ విషయమును ఎన్నుకొనుటకు కారణము మన గ్రంథాలయమే.

కొన్నియేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఇచ్చటనే జపాను దేశమును గూర్చిన పుస్తకమొకటి చదివితిని. అందులో నాగసాకి అను రేవుపట్టణమున యాత్రికులు చూడదగిన స్థలములు వర్ణింపబడి యుండెను. నాగసాకి యనగానే మనకు 1945 ఆగస్టు 9వ తేదీన పడిన అణుబాంబు మాత్రమే జ్ఞప్తికి వచ్చును. ఆ పుస్తకము అంతకు మూడువందల యేండ్లకు పూర్వపు సంగతి చెప్పినది. మన కోరమాండల్ తీరమున నేసి, అద్దకము వేసిన బట్టలు డచ్చివారి ఓడలలో ఆ రేవునకు చేరెడివట. ఆ తీరమున డచ్చివారు మొదట కొట్టు పెట్టిన పట్టణము మన మచిలీపట్టణము, అనగా బందరు. నాగసాకికి పోవుట మన శక్తికి మించిన పని. బందరునకు పోవుట అట్టిది కాదు. కావున పోయి చూచి వచ్చితిని. చూచినదియు చదివినదియు కలిపి ఇచ్చట విన్నవించుచున్నాను.

మొదట ఒక్క మాట చెప్పవలెను. ప్రాతపట్టణమును చూడబోవువాడు కన్నులతోపాటు కొంత చదువును గూడ వెంటగొని పోవలెను. లేనిచో అతనికి కనబడునవి రాళ్లును, పిచ్చిచెట్లును మాత్రమే. బందరు విషయమున ఇది మఱింత నిజము.

నాగసాకిలో ఏమి చూతురు?

జపాను పాలకులు 17వ శతాబ్దమున పరదేశీయులను తమ దేశమునకు రానీయక తలుపులు మూసికొనిరి. 1639లో పోర్చుగీసువారిని వెడలగొట్టిరి. ఐరోపా జాతులలో ఒక్క డచ్చివారికి మాత్రము వ్యాపారము చేయుటకు అనుమతి మిగిలెను. 1609 నుండి హిరాడో అను రేవున నున్న వారిని 1641లో నాగసాకికి మార్చి, దెజిమా అను చిన్న దీవిలో నుంచిరి. ఆ దీవి ప్రకృతి యిచ్చినది కాదు. పోర్చుగీసువారిని కట్టడిలో నుంచుటకై 1634, 1636 సంవత్సరముల మధ్య సముద్రమున మట్టి పోసి విసనకఱ్ఱ ఆకారమున కట్టినది. ఒడ్డునకు ఒకే వంతెన, దానికి కావలి. కొద్దిమంది డచ్చి వర్తకులు అందు ఖైదీల వలె బ్రదుకుచు రెండువందల యేండ్లకు పైగా వ్యాపారము సాగించిరి.

ఆ చిన్న వంతెనమీదుగా సరకులు మాత్రమే గాక పుస్తకములు గూడ దేశములోనికి పోయెను. 1720లో అప్పటి పాలకుడు విదేశీయ గ్రంథములపై నున్న నిషేధమును కొంత సడలించెను. 1771లో సుగితా గెంపాకు అను వైద్యుడును, అతని మిత్రులును డచ్చి భాషలోని శరీరశాస్త్ర గ్రంథమును చేతబట్టుకొని, ఒక శవపరీక్షను చూచి, పుస్తకములోని బొమ్మలన్నియు సరిగా నున్నవని తెలిసికొనిరి. భాష సరిగా రాకున్నను, మాటమాటకు తడుముకొనుచు దానిని తమ భాషలోనికి మార్చి 1774లో ప్రకటించిరి. జపాను వైద్యమునకు అది క్రొత్త దారి చూపెను. ఒక్క పుస్తకము ఎంతపని చేయగలదో చెప్పుటకు గ్రంథాలయ సంచికలో ఇంతకంటె తగిన యుదాహరణము నాకు దొరకలేదు.

1859లో రేవు అన్ని జాతులకును తెఱవబడిన తరువాత దెజిమా ప్రాముఖ్యము పోయెను. రేవును బాగుచేయుచు చుట్టును సముద్రమును పూడ్చగా, ఆ దీవి ఊరిలో కలిసిపోయి, ఇండ్ల నడుమ ఎక్కడ నున్నదో తెలియని స్థితి వచ్చెను. 1922లో ప్రభుత్వము దానిని చారిత్రక స్థలముగా ప్రకటించెను. పిమ్మట నగరపాలకులు 1950ల నుండి అర్ధశతాబ్దముపాటు ఆ స్థలమును ముక్కముక్కగా కొనుచు వచ్చిరి. ప్రాత చిత్తరువులను, లెక్కపుస్తకములను, త్రవ్వకములలో బయటపడిన పునాదులను ఆధారముగా గొని ప్రాత ఇండ్లను, కొట్లను తిరిగి కట్టిరి. 2017లో వంతెనను గూడ మరల నిలిపిరి. నేడు యాత్రికుడు ఆ వంతెనమీద నడచి దెజిమాలో ప్రవేశించును.

ఆ నగరముననే చీనా వర్తకులు 1629లో స్థాపించిన సోఫుకుజి దేవాలయము కలదు. 1634లో కట్టిన కళ్లజోడు వంతెన కలదు. దాని రెండు కమానులును నీటిలోని ప్రతిబింబముతో గలిసి కళ్లజోడు వలె కనబడుటచే ఆ పేరు వచ్చినది. 1982 వరదలో దెబ్బతిన్న ఆ వంతెనను మరల బాగుచేసిరి. 1864లో నిర్మింపబడిన ఊరా క్రైస్తవాలయము కలదు. అణుబాంబు పడినచోట శాంతివనము కలదు. ఆ బాంబు వలన ఆ యేటి చివరిలోపల రమారమి 70,000 మంది మరణించిరి. అంతటి నాశనము పొందిన నగరము తన ప్రాతస్థలములను ఇంత శ్రద్ధతో కాపాడుకొనుట తలచుకొన్నప్పుడు మన రేవు స్థితి యెట్లున్నదో చూడవలెనని యెవరికైనను తోచును.

మన బట్టలు, వారి రాగి

రెండు రేవులకును గల సంబంధమును ముందు చెప్పెదను. డచ్చివారి ఓడ మొదట బందరునకు వచ్చి కొట్టు పెట్టినది 1605లో. గోలకొండ సుల్తాను వారికి అనుమతి నిచ్చెను. 1610లో వారు పులికాటులో దిగి, పిమ్మట అచ్చట గెల్డ్రియా అను కోటను నిలిపిరి. పులికాటు నేడు తమిళనాటిలో నున్నది. మన సీమకు బందరుకంటె దగ్గఱి రేవు అదియే. తెలుగు తీరపు బట్టలను డచ్చివారు జావా ద్వీపములోని బటావియాకు చేర్చెడివారు. నేటి జకార్తా నగరమే నాటి బటావియా. అచ్చటినుండి కొన్ని సరకులు పట్టు, చక్కెర, తోళ్లతోపాటు నాగసాకికి పోయెడివి.

జపానువారు మన రంగుల బట్టను 'సరసా' యనిరి. చారల బట్టను 'సాంతోమె' యనిరి. ఈ రెండవ పేరు చెన్నపట్టణపు మైలాపూరు చెంతనున్న శాంతోమ్ అను ఊరి పేరునుండి పుట్టినది. జపానులో ఆ రంగుబట్ట అమూల్యమయ్యెను. తేనీటి మర్యాదలలో వాడు పాత్రలకు సంచులుగా కుట్టించి, చిన్న చిన్న ముక్కలను గూడ దాచుకొనిరి. హికొనె ప్రభువుల వంశమువారు కూర్చిన రమారమి 450 బట్టముక్కలు నేటికిని టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. మన యిండ్లలో చినిగిన అద్దకపు దుప్పటి ఏమగునో మనకు తెలియును.

ఆ బట్టలకు బదులుగా జపాను నుండి మొదట వెండి వచ్చెడిది. 1668లో అచ్చటి పాలకులు వెండి ఎగుమతిని నిషేధించినప్పటినుండి రాగికి ప్రాధాన్యము హెచ్చెను. జపాను రాగికడ్డీలు డచ్చి ఓడలలో కోరమాండల్ తీరమునకు వచ్చి అమ్ముడుపోయెడివి. నాణెములకును, పాత్రలకును రాగి కావలసియుండెను గదా! ఆనాటి తెలుగువాని ఇంటి రాగిచెంబులో జపాను గని లోహము కొంత కలిసియుండుట అసంభవము కాదు.

బందరు పేటల పేర్లు

ఇక బందరు యాత్ర. తిరుపతి నుండి విజయవాడ చేరి, అచ్చటినుండి రమారమి 70 కిలోమీటర్లు పోయిన బందరు వచ్చును. ఇది కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణము. 'బందరు' అనునది పారసీక పదము. దాని యర్థమే రేవు. ఊరిలో దిగగానే మొదట చూడవలసినది ఏ కట్టడమును గాదు, వీధుల పేర్లను. ఒక పేట వలందపాలెము, ఒకటి పరాసుపేట, మఱొకటి ఇంగ్లీషుపాలెము. డచ్చివారిని మన పెద్దలు వలందావారనిరి, ఫ్రెంచివారిని పరాసులనిరి. 1605లో డచ్చివారు, 1611లో 'గ్లోబు' అను ఓడలో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఈ రేవున కొట్లు పెట్టుకొనిరి. కట్టడములు కూలిపోయినను పేర్లు కూలలేదు. రిక్షావానికి గూడ ఆ పేర్లు తెలియును. అవి యెందువలన వచ్చినవని అడిగిన చెప్పగలవారు కొందఱే.

ఆ కాలమున గోలకొండ రాజ్యమునకు ఇదియే ప్రధానమైన రేవు. పారసీకము, అరేబియా, బర్మా, సుమత్రా తీరములకు ఇచ్చటినుండి ఓడలు పోయెడివి. అయితే ఒడ్డున నీరు లోతు కాదు. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరమున సముద్రములో నిలిచియుండగా పడవలతో సరకులను చేరవేసెడివారు. ఈ లోపమే తరువాతి కాలమున బందరునకు శాపమయ్యెను. 1933లో విశాఖపట్టణమున లోతైన ఓడరేవు తెఱవబడిన పిమ్మట బందరు రేవు మఱింత వెనుకబడెను.

కోట

ఊరికి రమారమి మైలున్నర దూరమున సముద్రమువైపు బందరు కోట యున్నది. చుట్టును బురదనేల. పూర్వము ఊరినుండి కోటకు కట్టబాట యొక్కటియే దారి. ఇప్పుడు గోడలు చాలవఱకు లేవు. కొన్ని ప్రాత కట్టడముల శిథిలములు మాత్రము కలవు. చూచినవారు "ఇంతేనా?" యని నిట్టూర్చి మరలిపోవుదురు. కాని ఆ బురదనేలమీద నిలిచి 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రిని తలచుకొనవలెను.

ఆనాడు కోట ఫ్రెంచివారి చేతిలో నుండెను. కర్నల్ ఫోర్డు అను ఇంగ్లీషు సేనాని దానిని ముట్టడించెను. అతని దగ్గఱ మందుగుండు అయిపోవచ్చినది. నిజాము సలాబతుజంగు సేనతో సమీపించుచుండెను. ఫ్రెంచివారికి సాయముగా ఓడలు రానున్నవని వార్త. తిరిగిపోవుటకు దారిలేక అతడు ఆ రాత్రి కోటపై బడెను. విజయనగర ప్రభువగు ఆనందగజపతి సేన కట్టబాటవైపు దాడిచేయునట్లు నటించి శత్రువుల దృష్టిని మరల్చెను. మఱియొక దళము బురదను దాటి వేఱొకవైపు కలవరము పుట్టించెను. అసలు సేన ఈశాన్యదిక్కున గోడ నెక్కెను. తెల్లవాఱునప్పటికి కోట ఇంగ్లీషువారి వశమయ్యెను. బందీలు పట్టినవారికంటె ఎక్కువమంది యుండిరి. మఱుసటి నెలలో సలాబతుజంగు ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసికొని బందరు సీమను వారికి విడిచెను. ఉత్తర సర్కారులు కుంఫిణీవారి చేతికి పోవుటకు ఆ రాత్రియే తొలిమెట్టు. మన తెలుగువారు ఆ యుద్ధమున ఇరుప్రక్కల నిలిచి పోరాడిరి, గెలిచినది మాత్రము వారు కాదు.

డచ్చివారి సమాధులు

బందరులో తప్పక చూడవలసిన రెండవ స్థలము డచ్చివారి శ్మశానవాటిక. పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. పెద్ద పెద్ద రాతిపలకలపై వంశచిహ్నములు, డచ్చి భాషలో లేఖనములు చెక్కబడియున్నవి. చెక్కడపు పని సొగసైనది. వర్తకము కొఱకు వేలమైళ్లు దాటి వచ్చి, మన యెండకును జ్వరములకును తాళలేక ఇచ్చటనే మట్టిలో కలిసిన వారి పేర్లవి. వారిలో కొందఱి తోటి కొలువువారు ఆ కాలముననే దెజిమా దీవిలో కూర్చుండి మన బట్టల మూటలు లెక్కపెట్టుచుండిరి. 1824లో ఇంగ్లీషువారితో చేసికొన్న సంధిచే డచ్చివారు భారతదేశములోని తమ స్థావరములన్నింటిని విడిచిపోయిరి. సమాధులు మాత్రము మిగిలెను.

డచ్చి కుంఫిణీవారు ఏ ఓడలో ఎన్ని మూటలు వేసిరో, ఏ ఊరిలో ఏ ధరకు కొనిరో వ్రాసి యుంచిరి. ఆ కాగితములు నేడు హాలెండు దేశపు హేగు నగరములోని జాతీయ పత్రభాండాగారమున భద్రముగా నున్నవి. మన తాతముత్తాతలు నేసిన బట్ట యెంతకు అమ్ముడుపోయెనో తెలిసికొనవలెనన్నచో ఆ భాష నేర్చి ఆ దేశమునకు పోవలెను. వ్రాసి దాచుకొన్నవానికే చరిత్ర మిగులునని నేను ఆ సమాధుల మధ్య నిలిచినప్పుడు తెలిసికొంటిని.

క్రైస్తవాలయము, రాబర్ట్‌సన్‌పేట

ఊరిలోని సెంటు మేరీ క్రైస్తవాలయమునకు ఒక విషాదకథ యున్నది. జాన్ పేటరు అను సేనాధికారి అరబెల్లా రాబిన్సన్ అను యువతిని ప్రేమించెను. ఆమె 1809లో మరణించెను. మతభేదము కారణముగా ఆమెను శ్మశానమున పూడ్చుటకు అభ్యంతరము కలిగెననియు, అంతట అతడు వేఱొక స్థలము కొని ఆమె సమాధిపై దేవాలయమును కట్టించెననియు చెప్పుదురు. జనశ్రుతిలో ఈ కథ చాల పెరిగినది. ఆమె సమాధి మాత్రము దేవాలయములో నేటికిని కలదు.

రాబర్ట్‌సన్‌పేట కథ వేఱు. 1830 ప్రాంతమున రాబర్ట్‌సన్ అను దొర ఇచ్చట క్రొత్త సంతపేటను వెలయించి, దాని యలంకారము కొఱకు అమరావతీ స్తూపమునుండి ముప్పదికి పైగా శిల్పఫలకములను తెప్పించి నిలిపెను. రెండువేల యేండ్ల నాటి బౌద్ధశిల్పములు కూరగాయల సంతకు సింగారమయ్యెను! తరువాత అవి చెన్నపట్టణపు ప్రదర్శనశాలకు చేరినవి. మన సంపద విలువ మనకు తెలియనిచో అది ఎవరి తోటకైనను పోవును.

1864 నవంబరు 1

ఇది బందరు చరిత్రలో మిక్కిలి దారుణమైన దినము. ఆ రాత్రి తుపానుతో సముద్రము పొంగి, సాధారణమైన పోటుకంటె పదమూడడుగుల యెత్తున ఊరిమీదికి వచ్చెను. బందరులోను, చుట్టుప్రక్కల పల్లెలలోను కలిపి రమారమి 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. మరుసటి యేడు కోటలోని సైన్యమును అచ్చటినుండి తీసివేసిరి. బందరు మరల పూర్వపు స్థితికి రాలేదు. నాగసాకిలో ఊరా క్రైస్తవాలయము లేచిన సంవత్సరముననే బందరు మునిగినది. ఆ తీరమునకు ఉప్పెన మరల 1977 నవంబరు 19న దివిసీమలో వచ్చెను. అప్పుడు వేలమంది మరణించిరి. మంగినపూడి తీరమున సముద్రస్నానము చేయుటకు ఎందఱో పోవుచుందురు. ఊరికి పది పదకొండు కిలోమీటర్లు. అచ్చట ఇసుకకు బదులు నల్లమట్టి యుండుట వింత. స్నానము చేసి లేచి తీరమువైపు చూచినప్పుడు, ఆ నేల యెంత పల్లముగా నున్నదో, నీరు ఎట్లు రాగలిగెనో తెలియును.

జాతీయ కళాశాల, జపాను వెంకయ్య

బందరునకు రేవు పోయినను తేజస్సు పోలేదు. 1902లో కృష్ణాపత్రిక ఇచ్చటనే పుట్టెను. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. 1923లో పట్టాభిగారు ఆంధ్రా బ్యాంకును ఇచ్చటనే ప్రారంభించిరి. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమై ఆ పేరు మఱుగయ్యెను.

జాతీయ కళాశాలలో అధ్యాపకులుగా నుండినవారిలో పింగళి వెంకయ్యగారొకరు. జాతీయపతాకమునకు రూపము కల్పించి 1921లో బెజవాడలో గాంధీగారికి సమర్పించినవారుగా వారిని మనమందఱము ఎఱుగుదుము. వారి జన్మస్థలము బందరు చెంతనున్న భట్లపెనుమఱ్ఱు. వారికి మఱొక పేరు గలదు, 'జపాను వెంకయ్య'. జపాను భాషను నేర్చి 1913లో బాపట్లలో ఆ భాషలో ఉపన్యసించుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. మన బట్టలు నాగసాకి చేరిన మూడువందల యేండ్లకు జపాను భాష బందరు చేరినది! కళాశాల ప్రాంగణమును చూచునప్పుడు ఈ సంగతి మఱువరాదు.

పెడన, ఘంటసాల

బందరు యాత్ర ఊరితో ముగియరాదు. దగ్గఱనే పెడన యున్నది. నాగసాకి చేరిన రంగుబట్టకు నేటి వారసులు అచ్చటి కలంకారీ పనివారు. బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి యార్చి, ఇనుపముక్కలను బెల్లపునీట నానవేసి చేసిన నల్లరంగును, పటికను చెక్క అచ్చులతో అద్దుదురు. పిమ్మట వేళ్లు, చెక్కలు వేసి కాచిన రంగుకాగులో ఉడికించిన పటిక సోకినచోట ఎఱుపు తేలును. పూర్వము ఆ ఎఱుపునకు కృష్ణా తీరపు చిరివేరు ప్రసిద్ధము. నీలిమందు, పసుపురంగు వేఱుగా వచ్చును. ప్రతి రంగునకు నడుమ పాఱునీట ఉతుకవలెను. ఈ విద్య మనకు పరాయిది కాదు. మన శ్రీకాళహస్తిలో ఇదే రంగులతో కలమును చేతబట్టి రామాయణ భారతములను వ్రాయుదురు. ఆ విద్యలో జొన్నలగడ్డ గుఱ్ఱప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించెను. బందరుది అచ్చు, కాళహస్తిది కలము. తల్లి యొక్కతే.

బందరుకు పడమట ఘంటసాల గ్రామము కలదు. అచ్చట బౌద్ధస్తూపమును, ప్రదర్శనశాలను చూడవచ్చును. క్రీస్తుశకము 2వ శతాబ్దమున టాలమీ అను భూగోళవేత్త ఈ తీరమున పేర్కొన్న వర్తకస్థానము ఇదియేయని పండితులు తలంచుచున్నారు. అచ్చటి ప్రాకృత శాసనములలో ఒక 'మహానావికుని' పేరు కలదు. డచ్చివాడు రాకముందు వేయియేండ్లకు పైగా తెలుగువాడే ఓడ నడపెనని ఆ శిల సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ స్థలములన్నింటిని రెండు దినములలో చూడవచ్చును. మొదటి దినము ఊరిలోని పేటలు, క్రైస్తవాలయము, జాతీయ కళాశాల, సమాధులు, సాయంకాలము కోట. రెండవ దినము పెడన, ఘంటసాల, చివరకు మంగినపూడి. తిరుగునప్పుడు బందరు లడ్డు తెచ్చుట సంప్రదాయము. నేనును మఱువలేదు.

మనము చేయవలసినది

బందరులో 2023 మే నెలలో క్రొత్త ఓడరేవు పనులు ప్రారంభమైనవి. ప్రాత రేవు కథ తెలిసినవారు సంతోషించవలసిన సంగతియే. కాని నాగసాకిని చూచిన మనకు మఱొక కోరిక గూడ కలుగవలెను. ఆ నగరమువారు భూమిలో మఱుగైన దీవిని కాగితముల సాయముతో వెదకి తీసిరి. మనకు కంటియెదుట నున్నవి గూడ కనబడుట లేదు. అందులకు డబ్బు లేమి యొక్కటే కారణమని నేననను. దెజిమాను మరల కట్టుటకు ముందు ఎవరో దానిని గూర్చి వ్రాసి దాచిరి, ఎవరో దానిని చదివిరి. డబ్బు ఆ తరువాత వచ్చినది.

బందరు సంగతి యటుంచుడు. మన చుట్టుప్రక్కల ఊళ్లలో వీరగల్లులు, గుడిగోడలపై శాసనములు, ప్రాత చెఱువుల తూములు కలవు. వాని కథలు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరుగా వెడలిపోవుచున్నారు. మన గ్రంథాలయమున ఒక బీరువాను ఈ సీమ చరిత్రకై ప్రత్యేకింపవలెనని నా మనవి. ప్రతి చందాదారుడును తన యూరి చెఱువు కథయో, తన కులవృత్తిలోని పనిముట్ల పేర్లో, తన యింటి ప్రాత దస్తావేజు నకలో ఒక నోటుపుస్తకమున వ్రాసి అందులో నుంచవలెను. ఇందులకు పాండిత్యము అక్కఱలేదు, శ్రద్ధ చాలును.

ఇరువదియైదేండ్ల క్రిందట మన పెద్దలు ఈ గ్రంథాలయమును స్థాపింపకున్నచో నేనా పుస్తకమును చదివియుండను, బందరు చూచియుండను. స్వర్ణోత్సవ సంచిక వెలువడునాటికి ఆ బీరువా నిండవలెననియు, అప్పటి పిల్లవాడొకడు అందులోని నోటుపుస్తకము చదివి, మన చెఱువుగట్టుమీది వీరగల్లును వెదకుచు బయలుదేరవలెననియు కోరుచు విరమించుచున్నాను.